చింతచెట్టు కింది మా పెద్దమ్మమ్మ

పర్లాకిమిడి నుంచి మా అమ్మమ్మగారి పల్లెకు వెళ్ళే దారిలో, ఊరు ఇంకో అరమైలు ఉందనగా, ఒక పెద్ద చింతచెట్టు ఉండేది. వేసవి సెలవులకు వెళ్ళినప్పుడల్లా మా బండి ఆ చెట్టును దాటేదాకా పిల్లలమందరమూ మాటలు ఆపేసి, ఒకరి చేయి ఒకరం పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చునేవాళ్ళం. ఆ చెట్టు కింద పురిట్లో పోయిన ఒక ఆడమనిషి ఉంటుందని, మాపటివేళ జుట్టు విరబోసుకుని చంకలో బిడ్డతో నిలబడుతుందని, దారినపోయేవాళ్ళను పేరు పెట్టి పిలుస్తుందని, మొదటి పిలుపుకే పలికినవాళ్ళు మూడు రోజుల జ్వరంతో పోతారని ఊళ్ళో అందరూ చెప్పేవారు. అందుకే ఆ ఊళ్ళో చీకటి పడ్డాక ఎవరు పిలిచినా మూడోసారి పిలిచేదాకా పలికేవారు కాదు. నాకు నలభై దాటాయి గానీ, రాత్రిపూట బయటి నుంచి పిలుపు వినిపిస్తే ఇప్పటికీ రెండు పిలుపులు ఆగాకే తలుపు వైపు కదులుతాను.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణం అటు చేరింది. మా చుట్టాలు మాత్రం ఇటు ఆంధ్రలోని పాతపట్నం వైపు సగం, అటు సగం మిగిలారు. అమ్మమ్మగారి ఊళ్ళో తెలుగు ఇళ్ళూ ఒడియా ఇళ్ళూ గోడకు గోడ ఆనుకుని ఉంటాయి, కొండల మీది నుంచి సవరలు సంతకు దిగి వస్తారు. చింతచెట్టు కింది మనిషిని మా ఇళ్ళల్లో పిశాచమనేవారు, పక్కింటి ఒడియావాళ్ళు చిరుగుణి అనేవారు, అడ్డాకులు తెచ్చి అమ్మే సవర ఆడవాళ్ళు తమ భాషలో సోనుమ్ అని చెప్పి గబగబా అడుగులు వేసేవారు. పేర్లు మూడు ఉన్నా, సాయంత్రమయ్యేసరికి ఆ దారి అందరికీ మూతపడేది.

2009లో నాకు ఏడో నెల వచ్చినప్పుడు, కాన్పు కోసం పుట్టింట్లో ఉండగా, అమ్మమ్మ ఒక రాత్రి నా మంచం పక్కన చాప వేసుకుని పడుకుంది. నా తలగడ కింద చిన్న ఇనుపకత్తి పెట్టి, గుమ్మానికి వేపమండలు గుచ్చి, చాలాసేపు మాట్లాడకుండా ఉండి, ఉన్నట్టుండి "ఆ చింతచెట్టు కిందున్నది మా అప్పే, గుంటా" అంది. మా వైపు అక్కను అప్ప అంటారు. నాకు మొదట అర్థం కాలేదు, అర్థమయ్యాక నోట మాట రాలేదు. చిన్నప్పుడు ఏ మనిషిని తలచుకుని నేను పక్కదుప్పటి ముఖం మీదికి లాక్కునేదాన్నో, ఆ మనిషి మా అమ్మమ్మకు తోడబుట్టినది, నాకు పెద్దమ్మమ్మ.

స్వాతంత్ర్యం వచ్చిన నాలుగైదేళ్ళకు జరిగిన సంగతి అది. అమ్మమ్మకు అప్పుడు తొమ్మిదేళ్ళు, అప్పకు పంతొమ్మిదో ఇరవయ్యో ఉంటాయి. భాద్రపదంలో నొప్పులు మొదలయ్యాయి. రెండు రోజులు మంత్రసాని కనిపెట్టుకుని ఉంది. బిడ్డ పుట్టి ఏడవలేదు, తల్లికి నెత్తురు ఆగలేదు. బండి కట్టి ఆసుపత్రికి తీసుకువెళ్దామంటే మహేంద్రతనయ నది పొంగి ఉంది. తెల్లవారకముందే ఆమె పోయింది. పురిటి మైలలో పోయినది గనక, పైగా ఇల్లు వదలలేక తిరిగి వస్తుందన్న భయం ఉంది గనక, ఊరి పెద్దలు ఆ ఇంటివారికి ఏడవడానికి కూడా సరిగ్గా వ్యవధి ఇవ్వలేదు. తల్లినీ బిడ్డనూ ఊరి పొలిమేర దాటించి పాతిపెట్టారు. తిరిగి వచ్చేటప్పుడు అమ్మమ్మ వాళ్ళ నాన్న, అంటే మా ముత్తాత, అక్కడి నుంచి ఇంటి గుమ్మం దాకా దారి పొడుగునా ఆవాలు చల్లుకుంటూ వచ్చాడు. తిరిగి రావాలనుకునే ఆత్మ ఒక్కొక్క ఆవగింజనూ ఏరుకుంటూ రావాలని, ఏరడం పూర్తయ్యేలోగా తెల్లవారుతుందని, వెలుతురు రాగానే వెనక్కి పోక తప్పదని పెద్దల నమ్మకం. గుమ్మంలో ఒక ఇనుపమేకు కూడా కొట్టారు.

తొమ్మిదేళ్ళ పిల్ల ఇదంతా చూసింది. ఆ రాత్రి పెద్దవాళ్ళు నిద్రపోయాక లేచి, చేతిలో దీపం కూడా లేకుండా, గుమ్మం ముందు నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని అరచేత్తో ఆవాలు ఊడ్చడం మొదలుపెట్టింది. వాన తడికి నేల మెత్తగా ఉండి గింజలు మట్టికి అంటుకుపోయాయి. ఎన్ని తీసినా ఇంకా చేతికి తగులుతూనే ఉన్నాయట. వీధి మలుపు దాకా వెళ్ళి, చెట్టు వైపు చూసి భయమేసి, పైటకొంగైనా లేని పిల్ల గనక గౌను అంచులో గింజలు మూటకట్టుకుని వెనక్కి వచ్చేసింది. "అప్ప ఇంటికొస్తదేమో, ఏరుకోలేక అలిసిపోతదని" అంది అమ్మమ్మ నాతో, యాభై ఏడేళ్ళ తరవాత, చీకట్లో పైకప్పు వైపు చూస్తూ. ఆ మర్నాటి నుంచి తోటిపిల్లలు అప్ప పేరు చెప్పి ఒకరినొకరు భయపెట్టుకోవడం ఆమె వింటూ పెరిగింది. పెళ్ళయ్యాక సొంత బిడ్డలను కూడా అదే పేరుతో అత్తవారు భయపెడుతుంటే ఒక్క మాట అనకుండా ఊరుకుంది. మా తరం వచ్చేసరికి పేరు కూడా పోయి, వట్టి పిశాచం మిగిలింది.

ప్రపంచపు జానపదాల్లోని భయంకర జీవుల గురించి చదవడం నాకు చిన్నప్పటి నుంచి ఇష్టం. ఆ రాత్రి తరవాత మాత్రం నా చదువు ఒకే దారిన పడింది. ఏ దేశపు కథ తెరిచినా ముందు ఆమె ఉందా అని వెతికేదాన్ని. చాలా చోట్ల ఉంది.

ఉత్తర భారతమంతటా ఆమె పేరు చుడేల్. కడుపుతోనో పురిట్లోనో మైలలోనో పోయిన స్త్రీ చుడేల్ అవుతుందని, ఆమె పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని చెబుతారు. వెనక్కి తిరిగిన పాదాలు పిల్లలను జడిపించడానికి అల్లిన వికారమని నేను చాలాకాలం అనుకున్నాను. ఒకసారి ఆలోచించి చూడండి. పాదాలు వెనక్కి ఉన్న మనిషి ఇల్లు విడిచి ఎంత దూరం నడిచినా, నేల మీద పడే అడుగులు ఇంటి వైపే తిరిగి ఉంటాయి. ఈ అర్థాన్ని ఎవరూ నాకు చెప్పలేదు, నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. అయినా మా అమ్మమ్మ ఆవాల కథ విన్నాక ఆ పాదాలను వేరే రకంగా చూడలేకపోతున్నాను. ఆవాలు చల్లే ఆచారం చుడేల్ విషయంలో కూడా ఉన్నదని 19వ శతాబ్దపు రాతల్లో చదివినప్పుడు మా ముత్తాత చేతులు నాకు కళ్ళకు కట్టాయి.

మలయా దేశంలో ఆమెను లాంగ్సుయిర్ అంటారు. పురిట్లో పోయిన స్త్రీ లాంగ్సుయిర్ కాకుండా ఉండటానికి పూర్వం ఆ దేశస్థులు శవం నోట్లో గాజుపూసలు పోసేవారు, రెండు చంకల్లోనూ ఒక్కొక్క కోడిగుడ్డు పెట్టేవారు, అరచేతుల్లో సూదులు గుచ్చేవారు. పూసలుంటే నోరు తెరిచి కేక వేయలేదు, గుడ్లుంటే చేతులు రెక్కల్లా ఆడించి ఎగరలేదు, సూదులుంటే పిడికిలి మూసి తెరవలేదు అని వారి లెక్క. ఇది చదువుతున్నప్పుడు నన్ను పట్టి ఆపినది ఆ ఆచారపు వింత కాదు. ఆ గుడ్లు పెట్టిన చేతులు ఎవరివి? ఆ ఇంటివారివే, నిన్నటిదాకా ఆమెకు గంజి తాగించినవారివే. ఏ భయం ఒక తల్లి చేత కూతురి అరచేతిలో సూది గుచ్చించగలదో, ఆ భయాన్ని మూఢనమ్మకం అని ఒక్క మాటలో తోసేయడం నాకు సరైన పనిగా తోచదు.

ఇండోనేసియాలో ఇదే రూపానికి కుంతిలానక్ అనీ పొంతియానక్ అనీ పేర్లు. బోర్నియో దీవి పశ్చిమాన పొంతియానక్ అనే నగరమే ఉంది. 1771లో ఆ ఊరిని స్థాపించిన సుల్తాను నదీసంగమంలో ఈ పిశాచాలను ఫిరంగులు పేల్చి తరిమాడని అక్కడివారు కథ చెప్పుకుంటారు. ఫిలిప్పీన్సులో మనాననంగ్గల్ ఉంది. నడుము దగ్గర రెండుగా విడిపోయి, పై సగం రెక్కలతో ఎగిరి గర్భిణుల ఇళ్ళ కప్పుల మీద వాలుతుందని, కింద మిగిలిన సగం మీద ఉప్పో బూడిదో చల్లితే మళ్ళీ అతుక్కోలేక తెల్లవారి చస్తుందని చెబుతారు. ఇది చచ్చిన మనిషి ఆత్మ కాదు, ఊళ్ళో మామూలుగా తిరిగే ఆడదే రాత్రి అలా మారుతుందని నమ్మకం. ఈ తేడా చిన్నది కాదు, దీని సంగతికి మళ్ళీ వస్తాను.

జపాన్ దగ్గర నేను ఎక్కువ కాలం ఆగిపోయాను. అక్కడ పురిట్లో పోయిన స్త్రీ ఉబుమే అవుతుంది. నడుము కింద నెత్తురుతో తడిసిన బట్టతో, చేతుల్లో బిడ్డతో, వానలోనో ఏటి రేవులోనో నిలబడి, దారిన పోయేవారిని "కాస్త ఈ బిడ్డను పట్టుకోండి" అని అడుగుతుంది. తీసుకున్నవారి చేతుల్లో బిడ్డ క్షణక్షణానికీ బరువెక్కి రాయి అవుతుంది. 1776లో తొరియామా సెకియెన్ అనే చిత్రకారుడు తన పిశాచాల బొమ్మల సంపుటంలో ఆమెను గీశాడు. మరో కథలో ఒక స్త్రీ రాత్రివేళ మిఠాయి దుకాణానికి వచ్చి ఒక్కొక్క నాణెం ఇచ్చి మిఠాయి కొనుక్కుని పోతూ ఉంటుంది. అనుమానం వచ్చిన దుకాణదారు వెంట వెళ్ళి చూస్తే ఆమె శ్మశానంలో మాయమవుతుంది, కొత్త సమాధి లోపలి నుంచి పసిబిడ్డ ఏడుపు వినిపిస్తుంది. తవ్వి చూస్తే చచ్చిన తల్లి పక్కన బిడ్డ మిఠాయి చప్పరిస్తూ బతికి ఉంటాడు. శవంతోపాటు పాతిన నాణేలతోనే ఆమె అన్ని రాత్రులూ బిడ్డను పోషించింది. ఈ కథ పేరు మీద మిఠాయి అమ్మే దుకాణం క్యోటో నగరంలో నేటికీ ఉంది.

ఆ దేశంలోనే ఇంకొక ఆచారం ఉండేది. పురిట్లో పోయిన స్త్రీలు నెత్తుటి మడుగు నరకంలో పడతారని ఒకప్పుడు అక్కడ ప్రచారం చేశారు. ప్రాణం పోసేటప్పుడు ప్రాణం పోగొట్టుకున్న మనిషికి నరకం విధించిన ఆ మాట ఎంత క్రూరమైనదో చెప్పనక్కర లేదు. అయితే ఆ మాటను నమ్మిన ఊళ్ళలోని జనమే దానికి విరుగుడు కూడా కల్పించుకున్నారు. ఏటి గట్టున నాలుగు కర్రలు పాతి, వాటికి ఎర్రని గుడ్డ నాలుగు మూలలా కట్టి, పక్కన ఒక గరిటె పెట్టేవారు. ఆ దారిన పోయే ప్రతి మనిషీ ఆగి, గరిటెతో నీళ్ళు ముంచి ఆ గుడ్డ మీద పోసి వెళ్ళేవారు. నీళ్ళకు రంగు వెలిసి గుడ్డ తెల్లబడేనాటికి ఆమెకు విముక్తి కలుగుతుందని నమ్మకం. దీనికి నగారె కంజో అని పేరు. పోయినామె ఎవరో తెలియని బాటసారి, ఏ ఊరి నుంచి ఏ ఊరికో పోయేవాడు, బుట్ట కింద పెట్టి ఆమె కోసం ఒక గరిటెడు నీళ్ళు పోసి పోవడం నేను ఎన్నిసార్లు ఊహించుకున్నానో లెక్క లేదు. మా చింతచెట్టును దాటేటప్పుడు మాకు నేర్పినది కళ్ళు మూసుకోవడం మాత్రమే.

మెక్సికోలో, స్పెయిన్‌వారు రాకముందు, అజ్టెక్ జనం మొదటి కాన్పులో పోయిన స్త్రీని యుద్ధంలో పడిన వీరుడితో సమానంగా ఎంచేవారు. కాన్పే ఆమె చేసిన యుద్ధం, బిడ్డే ఆమె పట్టి తెచ్చిన బందీ. 16వ శతాబ్దంలో సహాగున్ అనే స్పానిష్ సన్యాసి అక్కడి వృద్ధుల నోటి నుంచి రాయించుకున్న వివరాల ప్రకారం, శవాన్ని భర్త వీపున మోసుకుపోతుంటే ముసలి మంత్రసానులు డాళ్ళూ కత్తులూ పట్టుకుని, యుద్ధపు కేకలు వేస్తూ చుట్టూ నడిచేవారు. అలా కావలి కాయకపోతే కుర్రసైనికులు దారికాచి ఆమె ఎడమచేతి నడిమివేలునూ తలవెంట్రుకలనూ కోసుకుపోయేవారు, వాటిని డాలులో దాచుకుంటే శత్రువుకు కళ్ళు కనిపించవని నమ్మేవారు గనక. పూడ్చాక కూడా భర్త, అతని మిత్రులు నాలుగు రాత్రులు సమాధి దగ్గర కాపలా ఉండేవారు. పోయిన ఆమె పడమటి దిక్కున చేరి, మిట్టమధ్యాహ్నం నుంచి అస్తమయం దాకా సూర్యుణ్ణి మోసుకువస్తుంది. ఆ పడమటి దిక్కుకు స్త్రీల దిక్కు అనే పేరు పెట్టుకున్నారు.

ఇంత గౌరవించిన జనమూ ఆమెకు భయపడ్డారు. వారి పంచాంగంలో ఐదు రోజులున్నాయి, ఆ రోజుల్లో ఆ స్త్రీలు నాలుగుదారుల కూడళ్ళలోకి దిగి వస్తారని, పసిపిల్లలకు మూర్ఛ తెప్పిస్తారని, అందుకే పిల్లలను గడప దాటనివ్వకూడదని చెప్పుకునేవారు. కూడళ్ళలో వారికోసం కట్టిన చిన్న గుళ్ళలో సీతాకోకచిలుక ఆకారంలో చేసిన రొట్టెలు పెట్టేవారు. గౌరవమూ భయమూ ఒకే మనిషి మీద ఒకేసారి ఉండవచ్చని ఆ రొట్టెలు నాకు చెప్పాయి.

బాంకాక్‌లోని మహాబుత్ ఆలయం దగ్గర నాక్ అనే స్త్రీకి గుడి ఉంది. భర్త యుద్ధానికి వెళ్ళినప్పుడు ఆమె పురిట్లో బిడ్డతో సహా పోయింది. అతను తిరిగి వచ్చేసరికి ఆమె ఎప్పటిలాగే ఇంట్లో వంట చేస్తూ కనిపించింది. ఒకనాడు ఆమె చేతిలోని నిమ్మకాయ నేలచెక్కల సందులోంచి కింద పడితే, అక్కడి నుంచే చేయి చాచి, అంతకంతకు పొడుగు సాచి నేల మీది కాయను అందుకోవడం చూసి అతను పారిపోయాడు. దేశమంతా భయపడే ఈ కథలోని మనిషికి జనం పట్టుచీరల వంటి దుస్తులు, బిడ్డకు బొమ్మలు, పాలు తెచ్చి పెడతారు. సైన్యంలోకి తప్పనిసరిగా తీసుకునే చీటీల రోజుకు ముందు, తమ పేరు రాకూడదని మొక్కుకునే కుర్రవాళ్ళు వస్తారు. యుద్ధం ఆమె మొగుణ్ణి దూరం చేసింది గనక ఆ బాధ ఆమెకే తెలుస్తుందని వారి నమ్మకం.

ఇన్ని దేశాల్లో ఒకే మనిషి కనబడటానికి కారణం వెతకడం కష్టం కాదు. ఆ మరణం అంత తరచుగా వచ్చేది, ఎందుకు వచ్చిందో ఎవరికీ తెలిసేది కాదు. 1846లో వియన్నా నగరపు పెద్దాసుపత్రిలో, వైద్యులు కాన్పులు చేసే విభాగంలో నూటికి పదకొండు మంది తల్లులు పురిటి జ్వరంతో పోయారు, మంత్రసానులు చూసే విభాగంలో అంతకంటె చాలా తక్కువ మంది పోయారు. మొదటి విభాగంలో చేర్చవద్దని ఆడవాళ్ళు కాళ్ళు పట్టుకునేవారు. సెమ్మెల్‌వైస్ అనే యువవైద్యుడు కారణాలను ఒక్కొక్కటిగా పరీక్షించాడు. అందులో ఒకటి భయం. మరణశయ్య మీద ఉన్నవారి కోసం గంట మోగించుకుంటూ వచ్చే మతగురువు ఆ విభాగంలో మంచాల మధ్య నుంచి నడిచేవాడు, ఆ గంట విని బాలింతలు హడలిపోయి చస్తున్నారేమోనని సెమ్మెల్‌వైస్ అనుమానించి, గంట లేకుండా వేరే దారిన రమ్మని ఏర్పాటు చేశాడు. మరణాలు తగ్గలేదు. చివరికి శవాలను కోసిన చేతులతోనే వైద్యులు కాన్పులు చేస్తున్నారని గ్రహించి, 1847లో సున్నపు క్లోరిన్ నీటితో చేతులు కడిగించాడు. 1848కి ఆ సంఖ్య నూటికి ఒకటికి కొంచెం పైన నిలిచింది.

భయం చంపడం లేదని పరీక్షించి తేల్చిన ఆ మనిషిని తలచుకున్నప్పుడు మా ఊరి మంత్రసాని గుర్తుకు వస్తుంది, ఎందుకంటే మా ఊళ్ళో ఎవరూ అలా పరీక్షించలేదు. పెద్దమ్మమ్మ పోయిన నెలలోపే, ఆ మంత్రసానికి చిల్లంగి వచ్చునని, ఆమె చేయి పడితేనే నెత్తురు ఆగలేదని మాట పుట్టింది. ఒడియా ఇళ్ళల్లో ఆమెను డాహాణి అన్నారు. రాత్రి తలకిందులుగా నడుస్తూ పొలాల్లో వెలుతురుతో తిరిగే మంత్రగత్తెకు ఆ పేరు. రెండు రోజులు నిద్ర లేకుండా మా పెద్దమ్మమ్మ నడుము పట్టుకుని కూర్చున్న ఆ మనిషి ఒక రాత్రి మూటాముల్లె సర్దుకుని ఊరు విడిచి పోయింది, ఎటు పోయిందో మళ్ళీ ఎవరికీ తెలియలేదు. చచ్చినవారి ఆత్మకు భయపడటం ఒకటి, బతికున్న మనిషి ముఖం మీద ఆ భయాన్ని అంటించడం మరొకటి. మొదటిదానిలో నేను దుఃఖాన్ని చూస్తాను. రెండోది నేరం. ఒడిశా ప్రభుత్వం 2013లో మంత్రగత్తె వేటకు వ్యతిరేకంగా ప్రత్యేక చట్టం తేవలసి వచ్చిందంటే ఆ నేరం పాతకాలపు కథ కాదని తెలుస్తూనే ఉంది.

అందరూ భయంతోనే సరిపెట్టుకోలేదు. మన తెలుగునాట ముత్తైదువగా పోయిన స్త్రీని పేరంటాలుగా నిలిపి, పసుపు పూసి, చీర పెట్టి కొలిచే గుళ్ళు మా శ్రీకాకుళం వైపు ఎన్నో ఊళ్ళలో ఉన్నాయి. ఒక ఊళ్ళో పేరంటాలమ్మ అయిన మనిషే పక్క ఊళ్ళో పిశాచమై ఉండవచ్చు, అది పోయినామె గుణాన్ని బట్టి జరిగినది కాదు. తమిళనాట పాత బాటల పక్కన సుమైతాంగి కల్ అనే రాళ్ళు కనిపిస్తాయి. రెండు నిలువురాళ్ళ మీద ఒక అడ్డరాయి, మనిషి తలెత్తున ఉంటుంది. కడుపుతో పోయిన స్త్రీ పేరు మీద వాటిని నిలిపేవారు. ఆమె తన బరువు దించుకోలేకపోయింది గనక, తలమీద మూటతో వచ్చే బాటసారులు తమ బరువును ఎవరి సాయమూ లేకుండా ఆ రాతి మీదికి దించుకుని కాసేపు నిలబడేవారు.

ఇక మా కొండల మీది సవరల దారి వేరు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ వారి భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ సమకూర్చిన గిడుగు రామమూర్తి పంతులుగారి పుణ్యమా అని వారిని గురించి మా ఇళ్ళల్లో గౌరవంగా మాట్లాడేవారు. అయినా సోనుమ్ అంటే ఏమిటో మాకు సరిగ్గా తెలియదు. 1970ల నుంచి వారి మధ్య ఉండి చదివిన బ్రిటిష్ మానవశాస్త్రవేత్త పియర్స్ వితెబ్‌స్కీ రాతల వల్ల నాకు అర్థమైనది ఇది. ఏ రకంగా చనిపోతే ఆ రకపు సోనుమ్‌లో చేరతారు, చిరుతపులి చంపితే చిరుత సోనుమ్, మశూచి వస్తే మశూచి సోనుమ్. అక్కడి నుంచి తాము పడిన బాధనే బతికున్నవారికి అంటిస్తారు. అప్పుడు పూనకంలో కూర్చున్న గణాచారి నోటి ద్వారా పోయినవారు ఒక్కొక్కరే వచ్చి మాట్లాడతారు. ఇంటివారు చుట్టూ కూర్చుని వారితో వాదిస్తారు, ఏడుస్తారు, ఎందుకు పోయావని అడుగుతారు, నన్నెందుకు కాపాడలేదని ఆమె అడిగితే జవాబు చెబుతారు. ఇది ఒక్కరోజుతో తీరదు, ఏళ్ళ తరబడి సాగుతుంది. అలా మాట్లాడగా మాట్లాడగా పోయినామె బాధ చల్లారి, కాపాడే పెద్దల్లో కలిసి, చివరికి తన పేరును ఇంట్లో పుట్టిన బిడ్డకు ఇస్తుంది. ఇప్పుడు చాలా సవర పల్లెలు క్రైస్తవంలోకో హిందూమతంలోకో మారాయి, ఆ సంభాషణలు అరుదైపోయాయి. మా చెట్టు కింది మనిషిని చూసి అడ్డాకుల మోపుతో గబగబా నడిచిపోయిన ఆ ఆడవాళ్ళకు, మా ముత్తాత ఇంట్లో ఎవరైనా అడిగి ఉంటే, చెప్పడానికి ఏదో ఒక మాట ఉండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

నాకు 2009లో ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. నెత్తురు ఎక్కువగానే పోయింది, సూదిమందు ఇచ్చి ఆపారు, అరగంటలో అంతా సర్దుకుంది. 2018–20 సంవత్సరాల లెక్కల్లో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు దేశంలో 97 ఉంటే ఒడిశాలో 119. పాతకాలంతో పోలిస్తే తక్కువే గానీ, ఆ 119 మందిలో ప్రతి ఒక్కరికీ ఒక చెల్లెలో బిడ్డో ఎక్కడో ఉండే ఉంటారు. వార్డు బయట కూర్చున్న అమ్మమ్మకు బిడ్డను చూపిస్తే ముందు బిడ్డను చూడలేదు, నా కళ్ళ కింది రెప్ప లాగి ఎర్రగా ఉందా లేదా అని చూసింది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా మీదికి వచ్చినప్పుడు చింతచెట్టు వేళ్ళతో సహా కూలింది. దారికి అడ్డంగా పడితే కొమ్మలు నరికి పక్కకు నెట్టారు గానీ, ఎవరూ ఒక్క కట్టె కూడా ఇంటికి తీసుకుపోలేదు. మామూలుగా చింతమాను పడితే రోకళ్ళకనీ మొద్దులకనీ పోటీ పడతారు. డెబ్బై ఆరేళ్ళ అమ్మమ్మ వడ్రంగిని పిలిపించింది. అతను రానంటే రెట్టింపు కూలి ఇస్తానంది, పగలు మాత్రమే పని చేస్తానంటే సరేనంది. ఆ రోజు నన్ను తోడు రమ్మని, మాను దగ్గర ఒక రాతి మీద కూర్చుని, రంపం ఆడుతున్నంతసేపూ అప్పతో మాట్లాడింది. నేను కొంచెం దూరంగా నిలబడ్డాను. నాకు వినిపించినంతలో అవి పెద్ద మాటలేమీ కావు, నాన్న పోయాడని, ఇల్లు అమ్మేశామని, వెనకవైపు జామచెట్టు ఇప్పుడు లేదని చెబుతోంది.

ఆ చెక్కతో కత్తిపీట చేయించింది. అమ్మమ్మ బతికున్నన్నాళ్ళూ దాని మీదే కూరలు తరిగింది, చూడటానికి వచ్చిన ఊరి ఆడవాళ్ళు గుమ్మం దాటకుండానే మాట్లాడి వెళ్ళేవారు. ఇప్పుడది పర్లాకిమిడిలో మా వంటింట్లో ఉంది. చెక్క పచ్చిగా ఉన్నప్పుడే కోయడం వల్ల ఆరాక ఒక పక్కకు వంగింది, కూర్చుంటే ఎడమవైపు ఒరుగుతుంది. మా అమ్మాయి ఒక కాగితం నాలుగు మడతలు పెట్టి దాని కింద దోపి, వంకాయలు ముందేసుకుని కూర్చుంటుంది.